టెక్సాస్‌లో దీపావళి టపాకాయలు: చట్టం తెలుసుకుని కాల్చిన మా అనుభవం

అక్టోబరు వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ వాట్సాప్ బృందాలలో తప్పకుండా వినిపించే ప్రశ్న ఒకటి ఉంది. "టెక్సాస్‌లో టపాకాయలు కాల్చవచ్చా?" ఒకరు "ఎందుకు కాల్చకూడదు? రోడ్డు పక్కనే అమ్ముతున్నారు కదా" అంటారు. ఇంకొకరు "మా వీధికి పోలీసులు వచ్చారు, రెండు వేల డాలర్ల దాకా జరిమానా పడుతుందని చెప్పి వెళ్ళారు" అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ సగం చెప్పారు, అంతే. మిగతా సగం తెలుసుకోవడానికి నేను ఆ ఏడాది కూర్చుని చట్టం చదివాను, ఫోన్లు చేశాను, మ్యాపులు ముందు వేసుకుని దూరాలు కొలిచాను. ఈ దారిలో వెళ్ళాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

నాకు ఇంత పట్టుదల ఎందుకంటే ఆ ఏడు మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఆయన చిన్నతనంలో దీపావళికి నెల రోజుల ముందే ఇంట్లో మతాబులు, చిచ్చుబుడ్లు కూరేవారు. సూరేకారం, గంధకం, బొగ్గుపొడి, ఉక్కురజను పాళ్ళు ఆయనకు ఇప్పటికీ నోటికి వచ్చు. మా పిల్లలు పుట్టింది ఇక్కడే. వాళ్ళకు దీపావళి అంటే గుడి వాళ్ళు దూరాన వేయించే బాణసంచాను మడత కుర్చీలలో కూర్చుని చూడడం. తమ చేత్తో ఒక చిచ్చుబుడ్డి వెలిగించింది లేదు. తాతగారి పక్కన నిలబడి వాళ్ళు ఆ పని చేయాలని, ఎవరికీ భయపడకుండా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా చేయాలని నా కోరిక.

టెక్సాస్‌కు రాకముందు మేము న్యూజెర్సీలో ఉన్నాము. రాష్ట్రం మారితే చట్టం ఎంత మారుతుందో అక్కడే తెలిసింది. న్యూజెర్సీలో 2017 దాకా కాకరపువ్వొత్తి కూడా నిషేధమే. ఆ ఏడు చట్టం సడలించి, చేత్తో పట్టుకునే కాకరపువ్వొత్తులు, నేలమీదే ఉండి రవ్వలు చిమ్మేవి, పాముబిళ్ళలు, పొగ వదిలే గొట్టాల వంటివి 16 ఏళ్ళు నిండినవారు కొనవచ్చన్నారు. పేలేది, పైకి ఎగిరేది ఏదైనా ఇప్పటికీ కుదరదు. డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలో అడుగు పెడితే పెద్ద పెద్ద దుకాణాలు. అక్కడ 2017కు ముందు ఒక వింత ఏర్పాటు ఉండేది: ఎగిరి పేలే రకాలను ఆ రాష్ట్రం వాళ్ళకు అమ్మరు, బయటి రాష్ట్రం గుర్తింపు కార్డు చూపిస్తే అమ్ముతారు. కొన్నవాడు వాటిని కారులో వేసుకుని న్యూజెర్సీకి వంతెన దాటితే మాత్రం నేరమే. దుకాణం బిల్లు అక్కడ ఎవరినీ కాపాడదు. మసాచుసెట్స్‌లో మామూలు మనిషికి కాకరపువ్వొత్తి కూడా లేదు. న్యూయార్క్ నగరంలోనూ అంతే.

ఒహాయో సంగతి మా పిన్ని కొడుకు చెప్పాడు, విని నాకు ఎంతో సంతోషం కలిగింది. అక్కడ ఇదివరకు కొనేవాళ్ళు "ఈ సరుకును రాష్ట్రం బయటికి తీసుకుపోతాను" అని సంతకం పెట్టాలట. నిజానికి సరుకంతా ఎక్కడ కాలుతుందో అందరికీ తెలుసు. 2022 జులై నుంచి ఆ పద్ధతి పోయి, ఏయే రోజుల్లో కాల్చవచ్చో చట్టంలోనే జాబితా ఇచ్చారు. జులై 4, చైనా కొత్త సంవత్సరం, జూన్‌టీంత్ (బానిసత్వం ముగిసిన రోజు)ల సరసన దీపావళి పేరు కూడా ఆ జాబితాలో ఉంది. అయితే ఏ ఊరికి ఆ ఊరు "మా దగ్గర వద్దు" అని తప్పుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉంది కాబట్టి అక్కడి వాళ్ళు కూడా ముందు తమ ఊరి నియమం చూసుకోవాలి. యూటా రాష్ట్రం 2024లో దీపావళి అమ్మకాలకు దారి తెరిచింది.

ఇక టెక్సాస్. ఇక్కడ రాష్ట్ర స్థాయిలో ఆకుపేషన్స్ కోడ్ (వృత్తి వ్యాపారాల చట్టం) 2154వ అధ్యాయం బాణసంచాకు సంబంధించినది. దాన్ని అమలు చేసేది స్టేట్ ఫైర్ మార్షల్, అంటే అగ్నిభద్రత అధికారి, కార్యాలయం. అధ్యాయం చదవడం కష్టమేమీ కాదు. ఓపికగా చదివితే రెండు సంగతులు విడివిడిగా కనిపిస్తాయి: ఎవరు, ఎప్పుడు అమ్మవచ్చు అన్నది ఒకటి, ఎక్కడ కాల్చకూడదు అన్నది ఇంకొకటి. మన వాళ్ళ గందరగోళమంతా ఈ రెంటినీ కలిపేయడం వల్లే వస్తున్నదని నా నమ్మకం. అమ్మకానికి ఇచ్చిన అనుమతి కాల్చడానికి ఇచ్చినట్టు కాదు.

అమ్మకాల కాలం ఇలా ఉంటుంది. జూన్ 24 నుంచి జులై 4 దాకా ఒక విడత, డిసెంబరు 20 నుంచి జనవరి 1 దాకా ఇంకొకటి. ఈ రెండూ రాష్ట్రమంతటికీ వర్తిస్తాయి. టెక్సాస్ స్వాతంత్ర్య దినం, శాన్ హసింటో దినం, మెమోరియల్ డే వంటి సందర్భాలకు మాత్రం ఆయా కౌంటీల (మన జిల్లాల వంటివి) కమిషనర్ల కోర్టు ఉత్తర్వు వేస్తేనే అమ్మాలి. కోర్టు అన్న పేరు చూసి న్యాయస్థానం అనుకోవద్దు, అది కౌంటీని పాలించే సభ. 2023లో రాష్ట్ర శాసనసభ ఈ వరుసలో దీపావళిని కూడా చేర్చింది. అంటే కౌంటీ ఒప్పుకుంటే దీపావళికి కొద్ది రోజుల ముందు నుంచి పండగ ముగిసేదాకా దుకాణాలు తెరవవచ్చు. ఒప్పుకోకపోతే లేదు. అందుకే ఒక కౌంటీలో దీపావళి దుకాణం కనిపిస్తుంది, పక్క కౌంటీలో కనిపించదు.

చట్టం చదివాక నేను మొదట ఫోన్ చేసింది మా ఊరి ఫైర్ మార్షల్ కార్యాలయానికి. ఫోనెత్తిన అధికారి ఎంతో మర్యాదగా మాట్లాడారు. "దీపావళి గురించేనా? ఈ వారంలో చాలామంది అడిగారు" అన్నారు. నగర పరిధిలో బాణసంచా అమ్మడం, కాల్చడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నిషేధమేనని చెప్పారు. "కాకరపువ్వొత్తులు కూడానా?" అని నేను అడిగితే మా ఊరి ఆర్డినెన్సులో, అంటే నగరం చేసుకున్న చట్టంలో, నిర్వచనం చదివి వినిపించారు. కాకరపువ్వొత్తులూ అందులో ఉన్నాయి. మన ఇల్లు, మన డ్రైవ్‌వే, మన పెరడు అన్న తేడా లేదు. అగ్నిభద్రత నియమాలు మీరితే టెక్సాస్ నగరాలు రెండు వేల డాలర్ల దాకా జరిమానా పెట్టుకునే అధికారం రాష్ట్ర చట్టమే ఇచ్చింది. వాట్సాప్‌లో తిరిగే ఆ అంకె అక్కడి నుంచి వచ్చిందే.

ఆ మాట విని నేను నిరాశపడలేదు. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో చెక్క కంచెలు ఉన్న వీధులవి. పైకప్పుల మీద తారు పలకలు. పొడి గాలి వీచే రోజున ఒక్క రవ్వ కంచె దాటితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ నిషేధం మన పండగ మీద కోపంతో పెట్టింది కాదు. జులై 4న వాళ్ళ పండగకూ అదే వర్తిస్తుంది.

కాబట్టి కావలసింది ఏ నగర పరిధిలోకీ రాని కౌంటీ భూమి. ఇక్కడే అసలు పని మొదలైంది. ఒక స్నేహితురాలు "మా ఇల్లు ఊరి బయటే, మా దగ్గర కాల్చుకుందాం రండి" అంది. ఆమె చిరునామాలో పక్క ఊరి పేరు ఉంది. టెక్సాస్‌లో పోస్టల్ చిరునామాలో ఊరి పేరు ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు ఆ ఊరి పరిధిలో ఉన్నట్టు కాదు. పేరు లేనంత మాత్రాన బయట ఉన్నట్టూ కాదు. దీన్ని తేల్చుకునే తేలిక మార్గం ఒకటి ఉంది. పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో ఇంటి చిరునామా కొడితే ఆ ఆస్తి మీద ఎవరెవరు పన్ను వేస్తున్నారో కనిపిస్తుంది. కౌంటీ, బడి, కాలేజీలతో పాటు నగరం పేరు ఉంటే అది నగరంలో ఉన్నట్టే. ఆమె ఇంటికి నగరం పన్ను లేదు. అంతవరకు బాగానే ఉంది.

కానీ టెక్సాస్ చట్టం పెద్ద నగరాలకు మరో అధికారం ఇచ్చింది. తమ సరిహద్దు నుంచి బయటికి 5,000 అడుగుల దాకా, అంటే సుమారు ఒకటిన్నర కిలోమీటరు దాకా, ప్రజలకు ఇబ్బంది కలిగించే వాటిని నిషేధించుకోవచ్చు. బాణసంచాను అలా ప్రకటించుకున్న నగరాలు ఉన్నాయి. ఆ పక్క ఊరి ఆర్డినెన్సులో సరిగ్గా ఆ వాక్యం ఉంది. మ్యాపులో గీత గీసి చూస్తే స్నేహితురాలి ఇల్లు ఆ దూరంలోపే వచ్చింది. దాని పైన ఆ కాలనీకి ఇంటి యజమానుల సంఘం కూడా ఉంది, ఆ సంఘం నియమావళిలోనూ బాణసంచా వద్దని రాసి ఉంది. ఆ చోటు వదులుకున్నాము.

చివరికి చోటు దొరికింది మా ఆయన పాత సహోద్యోగి దగ్గర. ఆయన వయసు మళ్ళిన టెక్సాస్ రైతు బిడ్డ. ఊళ్ళకు దూరంగా ఎకరాల కొద్దీ గడ్డి నేల, ఇంటి ముందు పొడవాటి కంకర దారి ఉన్నాయి. దీపావళి అంటే ఏమిటో వివరంగా అడిగి తెలుసుకుని, "మా మనవలను కూడా పిలుస్తాను" అన్నారు. నేను ఆయన్ను ఒక కాగితం మీద రాసిమ్మని అడిగాను: ఫలానా రోజు, ఫలానా వేళ తన భూమిలో కాల్చుకోవడానికి ఒప్పుకున్నట్టు, సంతకంతో. ఆయనకు అది అవసరం అనిపించలేదు, అయినా రాసిచ్చారు. షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) మనిషి వచ్చి అడిగితే చూపించడానికి ఆ కాగితం చేతిలో ఉండడం మంచిదని నా అభిప్రాయం. ఇలాంటి చోట్లకు వెళ్ళే ప్రతివాళ్ళకూ ఇదే చెబుతాను.

ఆ చోటును రాష్ట్ర చట్టంలోని దూరాలతో సరిచూశాను. చర్చి, ఆసుపత్రి, బడి, పిల్లల సంరక్షణ కేంద్రం, వీటికి 600 అడుగుల లోపు కాల్చకూడదు. ఆ సంస్థ వాళ్ళు రాతపూర్వకంగా అనుమతిస్తే అది వేరు. మండే ద్రవాలో గ్యాసో నిల్వ చేసే చోటికి, బాణసంచా అమ్మే చోటికి 100 అడుగుల లోపు కాల్చకూడదు. ప్రజా రహదారి మీద, పార్కులో, చెరువు గట్టున, ప్రభుత్వ స్థలంలో కుదరదు. వాహనంలోంచి విసరడం, వాహనం మీదికి విసరడం నేరం. ఆ రైతు ఇంటికి కాస్త దూరంలో రోడ్డు వారన ఒక చిన్న తెల్ల చర్చి ఉంది. ఉపగ్రహ చిత్రంలో చర్చి గోడ నుంచి కంకర దారి చివరి దాకా గీత లాగి కొలిస్తే 600 అడుగులు దాటి చాలా దూరమే వచ్చింది. ఇంటి వెనక ప్రొపేన్ గ్యాస్ ట్యాంకు ఉంది. టెక్సాస్ పల్లెల్లో ఇలాంటి ట్యాంకు దాదాపు ప్రతి ఇంటికీ ఉంటుంది, మన కంటికి మాత్రం ఆనదు. దానికి 100 అడుగులు దాటి ఉండేలా, కంకర దారిలో రోడ్డుకూ ఇంటికీ నడుమ ఒక చోట గుర్తు పెట్టుకున్నాము.

కరువు సంగతి అప్పుడే తెలిసింది. ఆ ఏడు శరత్కాలంలో వానలు సరిగా పడలేదు, కౌంటీలో ఆరుబయట మంట పెట్టడంపై నిషేధం ఉంది. దీన్నే ఇక్కడ బర్న్ బ్యాన్ అంటారు. అది ఉంటే టపాకాయలు పూర్తిగా నిషేధమని మన వాళ్ళలో చాలామంది అనుకుంటారు. కౌంటీ ఫైర్ మార్షల్ కార్యాలయానికి ఫోన్ చేస్తే అక్కడి ఆవిడ తేడా విడమరిచి చెప్పారు. బర్న్ బ్యాన్ చెత్త, కట్టెలు, గడ్డి తగలబెట్టడం గురించి. బాణసంచాకు వేరే ఉత్తర్వు ఉంటుంది. టెక్సాస్ ఎ అండ్ ఎం అటవీ సేవా విభాగం నేల ఎంత ఎండిందో చెప్పే సూచీ ఒకటి లెక్కిస్తుంది. సున్నా నుంచి 800 దాకా ఉండే ఆ సూచీ 575 చేరితే, పుల్ల ఉన్న రాకెట్లను, రెక్కలు తొడిగిన క్షిపణి రకాలను ఆపే అధికారం కౌంటీకి వస్తుంది. ఎక్కడ పడతాయో తెలియనివి అవే కాబట్టి చట్టం వాటినే వేలెత్తి చూపింది. మిగతా రకాలను కూడా ఆపాలంటే విపత్తు ప్రకటన దాకా వెళ్ళాలి.

ఆ సాయంత్రం ఈ విషయం నాన్నగారికి చెప్పాను. ఆయన మనసులో ఇంకో కోరిక ఉంది. మా వైపు దీపావళి సంజవేళ గోగు కాడలకు నూనె వత్తులు కట్టి వెలిగించి, నేల మీద కొట్టి దివిటీలు తిప్పుతారు. ఆ తర్వాత కాళ్ళు కడుక్కుని, తీపి నోట్లో వేసుకుని టపాకాయలకు వెళతారు. ఇక్కడ గోగు కాడలకు బదులు వెదురు పుల్లలు కూడా ఏరిపెట్టుకున్నారు.

"అది ఆరుబయట మంట కిందికి వస్తుంది నాన్నా. బర్న్ బ్యాన్ ఉండగా వద్దు."

"గడ్డి ఎండి ఉంటే ఎవరు చెప్పినా చెప్పకపోయినా వద్దమ్మా. మన దగ్గర తాటాకు ఇళ్ళ మధ్య మా నాయన రాకెట్లు వేయనిచ్చేవాడు కాదు" అన్నారు ఆయన. "అయినా మన దేశంలోనూ ఇప్పుడు రాత్రి ఎనిమిది నుంచి పది దాకానే కదా."

2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆయనకు గుర్తుంది. ఆ తీర్పులోనే బేరియం లవణాలు వద్దన్నారు, పొడవాటి సీమటపాకాయల దండలు వద్దన్నారు, ఆన్‌లైన్ అమ్మకాలు ఆపారు. అక్కడ దేశమంతటికీ ఒక మాట చెబితే, ఇక్కడ ఊరికొక మాట. ఎక్కడ నిలబడి వెలిగిస్తున్నామో ఆ నేల ఎవరి పరిధిలో ఉందో తెలిసేదాకా జవాబు తెలియదు.

దుకాణం నగర సరిహద్దు బోర్డు దాటిన వెంటనే ఉంది. పొడవాటి రేకు కొట్టు, ముందు కౌంటరు, వెనక అరల నిండా సరుకు. 16 ఏళ్ళ లోపు వాళ్ళకు అమ్మకూడదని బోర్డు ఉంది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అనే అట్టలు వేలాడుతున్నాయి. అమ్మే అబ్బాయి ఎంతో చురుకైనవాడు, ఏది ఎంతసేపు కాలుతుందో నోటికి చెప్పాడు. కానీ "ఎక్కడ కాలుస్తారు?" అని మాత్రం ఎవరినీ అడగలేదు. అడగాలన్న నియమం నాకు ఎక్కడా కనబడలేదు. కొనేవాళ్ళలో ఎక్కువమంది తిరిగి వెళ్ళేది నగరంలోని ఇళ్ళకే. ఈ ఒక్క చోట చట్టం మరికాస్త శ్రద్ధ పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను. బిల్లుతో పాటు ఆ చుట్టుపక్కల ఏయే ఊళ్ళలో నిషేధమో రాసిన ఒక చీటీ ఇస్తే ఎంతోమంది జరిమానాల నుంచి బయటపడతారు.

పెట్టెల మీద ఏమి చూడాలో నేను ముందే చదువుకుని వెళ్ళాను. సామాన్యులకు అమ్మే సరుకు మీద 1.4జి అన్న గుర్తు ఉంటుంది. 1.3జి అంటే లైసెన్సు ఉన్నవాళ్ళు ప్రదర్శనల్లో వాడేది, మన చేతికి రాకూడనిది. నాన్నగారు అరలన్నీ తిరిగి చూసి "లక్ష్మీబాంబు లాంటిది లేదా?" అని అడిగారు. లేదు. నేల మీద పేలే టపాకాయలో పేలుడు మందు 50 మిల్లీగ్రాములు దాటకూడదని దేశమంతటికీ నియమం ఉంది. ఎం-80 వంటి పెద్ద బాంబులను 1966లోనే నిషేధించారు. చేతి వేళ్ళు పోగొట్టుకున్న పిల్లలే దానికి కారణం. చిన్న పుల్ల రాకెట్లు, అంటే 15 అంగుళాల కన్నా పొట్టిగా, నాలుగు గ్రాముల కన్నా తక్కువ మందుతో ఉండేవి, టెక్సాస్‌లో ఏ కాలంలోనూ అమ్మకూడదు. పెద్దవాటి మీద మాత్రం ఆ ఏడు కౌంటీ ఆంక్ష ఉంది. గొట్టంలో వేసి పైకి పేల్చే షెల్లు, వరసగా ఎగిరే కేకులు చట్టప్రకారం కొనవచ్చు. నేను కొనలేదు. ఎండిన గడ్డి మీద పైనుంచి ఏమి రాలినా ఆర్పేవాళ్ళం మేమే కాబట్టి, నేల విడిచి ఎగిరేది ఏదీ వద్దనుకున్నాము. చిచ్చుబుడ్లు, భూచక్రాలు, కాకరపువ్వొత్తులు, కాసిని చిన్న సీమటపాకాయలు తీసుకున్నాము.

ఇంకో సంగతి. ఇక్కడ దొరకనివి ఇండియా నుంచి సూటుకేసులో తెప్పించుకోవాలని ఎవరైనా అంటే దయచేసి ఆపండి. చేతి సంచీలో అయినా, చెకిన్ సామానులో అయినా విమానంలో బాణసంచా నిషేధం. అమెరికా తపాలా ద్వారా పంపడమూ అంతే. కొన్న సరుకును ఇంటికి తేకుండా, నగరంలో దింపకుండా, దుకాణం నుంచి నేరుగా ఆ రైతు దగ్గరికే తీసుకుపోయాము. దగ్గర ఉంచుకోవడమే నేరమైన ఊరిలో ఒక రాత్రి కారులో పెట్టుకున్నా అది నేరమే.

వెళ్ళేముందు ఇంకో ఫోన్. షెరిఫ్ కార్యాలయం అత్యవసరం కాని నంబరుకు చేసి, ఎక్కడ, ఎప్పుడు, ఏమి కాలుస్తున్నామో చెప్పాను. అనుమతి ఇచ్చేది వాళ్ళు కాదు, అడగాలన్న నియమమూ లేదు. చప్పుడు విని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, వచ్చేవాళ్ళకు ముందే సంగతి తెలిసి ఉంటుందని చెప్పాను. మా ఆతిథేయి పక్క పొలం ఆయనకు గుర్రాలున్నాయి. ఆయన దగ్గరికి మిఠాయి పెట్టెతో వెళితే "ఏడింటికల్లా గుర్రాలను కొట్టంలోకి తోలుతాను, తొమ్మిదింటికల్లా ముగించండి" అన్నారు. ఆ మాట మాకు చట్టం కన్నా ఎక్కువ. ఎనిమిదిన్నరకే చివరి చిచ్చుబుడ్డి వెలిగించాము.

శనివారం సాయంత్రం నాలుగు కుటుంబాలు చేరాము. ముందు లక్ష్మీపూజ, ప్రమిదలు. మా ఆతిథేయి మధ్యాహ్నమే దారికి రెండు పక్కలా గడ్డిని పొట్టిగా కోయించి, గొట్టంతో తడిపి ఉంచారు. నీళ్ళ గొట్టం చివర ఒక మనిషి, పక్కన రెండు బకెట్ల నీళ్ళు. కంకర మీద చిచ్చుబుడ్డి సమంగా నిలబడదు కాబట్టి ఒక పెద్ద చెక్క పలక పరిచాము. అందరూ నూలు బట్టలు కట్టుకోవాలని, చున్నీలు నడుముకు బిగించుకోవాలని నాన్నగారి ఆజ్ఞ. దుకాణం అబ్బాయి ఇచ్చిన వెలిగించే పుల్లలు ఆయనకు నచ్చలేదు. పూజ దగ్గరి పొడవాటి ఊదొత్తి తీసుకున్నారు. మా పెద్దవాడి చేతిలో పెట్టి, వాడి మోచెయ్యి తన అరచేతిలో పట్టుకుని ఇలా చూపించారు: చెయ్యి చాపు, ముఖం పక్కకు తిప్పు, వత్తి కొసకు ఆనించు, ఎర్రబడగానే వెనక్కి. వత్తి అంటుకున్నాక మూడు సెకన్లకు తగ్గకుండా, తొమ్మిదికి మించకుండా కాలాలని ఇక్కడి నియమం. నాన్నగారికి ఆ నియమం తెలియదు. అయినా "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతూ మనవణ్ణి వెనక్కి నడిపించారు. ఐదు అనేసరికి రవ్వలు లేచాయి.

చిన్నపిల్లకు కాకరపువ్వొత్తి ఇచ్చినప్పుడు నేను పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాను. అన్నిటిలోకీ ఇదే సాధువని అందరూ అనుకుంటారు. దాని కొస వేడి వెయ్యి డిగ్రీల సెంటిగ్రేడ్ దాటుతుంది, ఆరిపోయాక కూడా తీగ చాలాసేపు కాలుతుంది. ఒకరికి ఒకటే, చేతిలోది ఆరి బకెట్‌లో పడ్డాకే రెండోది. ఆతిథేయి మనవరాలు మా పిల్లను చూసి అలాగే తన తీగను నీళ్ళలో వేసి, "చుయ్" అన్న చప్పుడుకు నవ్వింది. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ వెలిగించడం కన్నా నీళ్ళలో వేయడమే ఎక్కువ ఇష్టమైపోయింది.

ఒక చిచ్చుబుడ్డి తుస్సుమని ఆగిపోయింది. మన ఊళ్ళలో అలాంటివి ఏరి, చించి, మందు కుప్ప పోసి అంటించడం పిల్లలకు అలవాటు. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇరవై నిమిషాలు అలాగే వదిలేసి, దూరం నుంచి నీళ్ళు పోసి, బకెట్‌లో ముంచాము. కాలిన డొల్లలన్నీ రాత్రంతా నీళ్ళలో నానబెట్టాము. మరునాడు పొద్దున వెళ్ళి వాటిని సంచుల్లో కట్టి, కంకరలో ఇరుక్కున్న కాగితం ముక్కలు, తీగలు ఏరాము. గుర్రాల ఆయన కంచె పక్కన కూడా చూశాము. పశువుల మేతలో తీగ ముక్క పడకూడదు కదా. షెరిఫ్ కార్యాలయం నుంచి ఎవరూ రాలేదు. చేతిలోని కాగితం ఎవరికీ చూపించాల్సిన అవసరం రాలేదు.

చేయాలనుకునే వాళ్ళకు నేను చెప్పేది ఇదే: సెప్టెంబరులోనే మొదలుపెట్టండి. ముందు మీరు కాల్చబోయే చోటికి ఏ నగరం పన్ను వేస్తున్నదో చూడండి, తర్వాత ఆ చుట్టుపక్కల నగరాల ఆర్డినెన్సుల్లో 5,000 అడుగుల మాట ఉందేమో వెతకండి, కౌంటీ ఫైర్ మార్షల్‌కు ఫోన్ చేయండి, భూమి యజమాని సంతకం తీసుకోండి. దుకాణానికి వెళ్ళడం చిట్టచివరి పని. మీరు వేరే రాష్ట్రంలో ఉంటే నియమాలు వేరు, అడగవలసిన ప్రశ్నలు మాత్రం దాదాపు ఇవే.

మేము ఉండే కౌంటీ ఇంకా దీపావళి అమ్మకాలకు ఉత్తర్వు వేయలేదు, మేము కొన్నది పక్క కౌంటీలో. కమిషనర్ల కోర్టు సమావేశాల్లో ఎవరైనా ముందుగా పేరు రాయించుకుని కొన్ని నిమిషాలు మాట్లాడవచ్చు. ఈసారి వేసవిలో మా నాలుగు కుటుంబాలూ వెళ్ళి అడగాలనుకుంటున్నాము. అమ్మకాలకు ఒప్పుకోమనడంతో పాటు, కొనేవాళ్ళకు నిషేధం ఉన్న ఊళ్ళ జాబితా ఇచ్చేలా చూడమని కూడా అడుగుతాము. ఆ జాబితా ముసాయిదా నేను ఇప్పటికే మొదలుపెట్టాను.